ఖాళీ గుండిగ ఇవ్వకూడదు

రఘుకి కోపమొచ్చినా సంతోషమొచ్చినా చేతికి ఇనుము తగలాలి. మనసు బాగుంటే రాయపూర్ ఉర్లాలో తను వెల్డింగు చేసే షెడ్డులో మిగిలిపోయిన పైపు ముక్కలతో చెప్పుల స్టాండు చేసి పక్కింటివాళ్లకి ఇచ్చేస్తాడు. కోపంలో ఉంటే అదే స్టాండు నలుగురెక్కి నిలబడినా వంగనంత గట్టిగా చేసి తన ఇంట్లోనే పెట్టుకుంటాడు. విడాకులైన దగ్గర్నుంచి వాళ్ల వరండాలో అలాంటివి మూడు పోగయ్యాయి. ఇంట్లో ఉన్నది తనూ, తల్లీ. చెప్పులు రెండు జతలు.

ఆ ఆదివారం మాత్రం పొద్దున్నే టేపు తీసి ఉయ్యాల కోసం వరండా పైకప్పు కొలవడం మొదలుపెట్టాడు. కోర్టు లెక్క ప్రకారం ఆదివారాలు అతనివి, మిగతా వారమంతా విడిపోయిన భార్య బిందుమాధవిది. ఆవిడ పొద్దున్నే స్కూటీ మీద పిల్లలిద్దర్నీ దింపి వెళ్తుంది, దీపాలు పెట్టే వేళకి వచ్చి తీసుకెళ్తుంది. ఆ మధ్యనంతా రఘు రాజ్యం.

టేపు రెండో చివర లహరి పట్టుకుంది. పదేళ్ల పిల్ల అయినా తండ్రి పోలికే, బిగువు సడలనివ్వదు. ఆరేళ్ల మణిదీప్ టేపు కిందనుంచి ఇటూ అటూ దూరుతున్నాడు.

"నాన్నా, ఝూలా ఎంత పైకెళ్తాది? ఛత్ తగులుతాదా?"

"తగలదురా. అందుకే కదా కొలుస్తున్నాను."

"తగిలితే మజా వచ్చును," అన్నాడు వాడు దిగాలుగా.

"నీ నెత్తి తగుల్తాది, అప్పుడు తెలుస్తాది మజా," అంది లహరి.

రఘు పెన్సిలు చెవి వెనక పెట్టుకుని నవ్వాడు. వీళ్లు మాట్లాడుకుంటుంటే వింటూ కూర్చోవడమే అతనికి వారంలో పెద్ద పని. ఈ ఉయ్యాల వేసేశాక ఇక పిల్లలు ఆదివారం ఎప్పుడొస్తుందా అని వాళ్లే ఎదురుచూస్తారనీ, ఏ ఊరూ గుర్తుకు రాదనీ అతని ఆశ. ఆ ఆశకి కారణం ఉంది. బిందుమాధవి పిల్లల్ని తీసుకుని విజయనగరం వెళ్లిపోతానంటోంది. ఆ అనుమతి కోసమే ఫ్యామిలీ కోర్టుకెక్కింది. గురువారం వాయిదా. ఆ రోజు రఘు ఔననాలి, లేదా కాదనాలి.

సాయంత్రం ఆవిడ రానే వచ్చింది, చేతిలో స్టీలు డబ్బాతో. ఆ డబ్బా గురించి ఓ మాట చెప్పాలి. కోర్టువాళ్లు మంచాలూ బీరువాలూ పంచారు గానీ ఆ డబ్బాని పంచడం మర్చిపోయారు. అది ఓ వారం ఇక్కడుంటే ఓ వారం అక్కడుంటుంది. రఘు తల్లి అన్నమ్మ దాన్నిండా జంతికలు పోసి పంపిస్తే, బిందుమాధవి పులిహోర పెట్టి తెస్తుంది. ఖాళీ గిన్నె తిప్పి ఇవ్వకూడదని అన్నమ్మ పట్టు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార అయినా వేస్తుంది. కోడలు మాజీ అయింది గానీ డబ్బా మాజీ కాలేదు.

"ఏటి తెచ్చావు బిందూ?" అన్నమ్మ మూత తీసి వాసన చూసింది. "ఓలమ్మ, గోంగూరే! రాయపూర్‌లో ఎక్కడ దొరికింది?"

"పండరీ బట్టల బజారు వెనక సంతలోకి ఓ ముసలావిడ తెస్తోంది అత్తయ్యా."

రఘు టేపు చుట్టేస్తూ వినీ విననట్టున్నాడు. బిందుమాధవి అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"గురువారం వాయిదా. మీరేమంటారో ముందే చెప్తే..."

"నా మాట మారదు. పిల్లలు ఇక్కడే పుట్టారు. ఇక్కడే ఉంటారు."

"మీకు దూరం చెయ్యాలని కాదండీ. మా కొట్టు సేఠ్ విజయనగరంలో పెడుతున్న చీరల కొట్టు మొత్తం నా చేతికిస్తానంటున్నాడు. ఇక్కడ నేను ఎన్నాళ్లని బట్టల థాన్లు మోసి, విప్పి, మడతేసి కూర్చోను? ఇంక ఆగలేనంటున్నాడు. ఈ నెల దాటితే ఇంకెవరినో పెట్టేసుకుంటాడు."

"పెట్టుకోనీ."

ఆ మాట అనేశాక రఘుకే చెవికి చేదుగా తగిలింది. పండరీ హోల్‌సేల్ కొట్లో బట్టని రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి, ఇది నూలా, కల్తీయా, ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చెప్పేది ఆవిడొక్కతే అని అతనికి తెలుసు. ఆంధ్రా నుంచి వచ్చే షాపువాళ్లు సేఠ్‌ని కాదు, 'బిందు మేడమ్' ఉందా అని అడుగుతారు. అయినా సరే, మాట బయటికి వచ్చేసింది.

"విజయనగరం ఏం చంద్రమండలం కాదు కదా," అంది ఆవిడ. "పొద్దున్న రైలెక్కితే చీకటిపడేసరికి దిగుతారు."

"వారం వారం నన్ను రైలెక్కమంటావా?"

లహరి ఒంటికాలి చెప్పుతో గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తోంది. పెద్దవాళ్లిద్దరూ ఒక్కసారే నవ్వు మొహం పెట్టారు. ఆ పిల్లకి అది ఎక్కడ చూసినా గుర్తుపట్టే నవ్వు.

అన్నమ్మ డబ్బా కడిగి, తుడిచి, సున్నుండలు పెట్టి తెచ్చింది. బిందుమాధవి చీర కొంగు అందుకుని, "ఈ రంగు నీకు బావుందమ్మా," అంది. అంతే. వాయిదా గురించి, విజయనగరం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్నమ్మ నోరు మూసుకుందంటే లోపల ఏదో ఉడుకుతోందని అర్థం. పుట్టినప్పటినుంచి ఆవిడ చేతికింద పెరిగిన కొడుకు ఈపాటికి తెలుసుకోవద్దూ? తెలుసుకోలేదు.

సోమవారం షెడ్డులో భోజనాల బెల్లు కొట్టాక రఘు తన పని మొదలుపెట్టాడు. యజమాని తుక్కు పైపులు తీసుకోమన్నాడు, మిషను వాడుకోమన్నాడు. గుండ్రటి పైపుకి గుండ్రటి పైపు అతకాలంటే ఒకదాని మూతిని చంద్రవంకలా కోయాలి. లేకపోతే మధ్యలో సందు మిగిలి అతుకు నిలవదు. రఘు గ్రైండరుతో కోసి, ఆకురాయితో అంచు నున్నగా రాసి, రెండింటినీ కలిపి వెలుగుకి ఎత్తి చూశాడు. గీత కూడా కనిపించలేదు. ముందు నాలుగువైపులా టాకాలు వేశాడు. టాకా అంటే చుక్కంత అతుకు. లెక్క తప్పితే సుత్తితో రెండు దెబ్బలేస్తే ఊడొస్తుంది. మూలమట్టంతో చూసి, సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే చుట్టూ నిండుగా వెల్డింగు పోస్తారు. అప్పుడిక అది ఊడదు. కోసుకోవాల్సిందే.

పక్క బల్ల మీద క్యారేజీ విప్పుకున్న గురునాథం ఈ వ్యవహారమంతా చూస్తున్నాడు. వయసులో పెద్దవాడు, షెడ్డులో అందరికీ బాబాయి.

"ఒరే రఘూ, ఇది పిల్లల ఉయ్యాలా, ఏనుగుని కట్టేసే గుంజా?"

"గట్టిగా ఉండాల కదా బాబాయ్. ఇద్దరూ ఒకేసారి ఎక్కుతారు."

"పైన ఎలా బిగిస్తావు? నట్టూ బోల్టూ పెట్టు. రేపు ఇల్లు మారినా తీసుకెళ్లొచ్చు."

"ఇల్లెందుకు మారుస్తాను? వరండా దూలం కొక్కేలకే వెల్డింగు కొట్టేస్తాను. పర్మనెంట్."

గురునాథం ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలాడు. "ఉయ్యాలని పర్మనెంట్ చెయ్యొచ్చురా. అందులో ఊగేవాళ్లని చెయ్యలేం."

రఘు ముసుగు మొహం మీదికి లాక్కున్నాడు. వెల్డర్లకి ఇదొక సుఖం, ఇష్టంలేని మాట వినిపిస్తే ముసుగు దించుకుంటే సరి.

అంతలో వకీలు ప్రేమ్‌చంద్ ఫోను. "రఘు భాయ్, టెన్షన్ మత్ లో. మనా కర్ దేంగే, బస్," అన్నాడు. కాదనేద్దాం, అంతే అని. కాదంటే కేసు ఏడాది సాగుతుందని, ఆ తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చని ధైర్యం చెప్పాడు. రఘు 'ఠీక్ హై' అని పెట్టేశాడు. ఏడాది అనగానే ముందు హాయిగా అనిపించింది. ఆ వెంటనే, ఈ నెల దాటితే సేఠ్ ఇంకొకర్ని పెట్టుకుంటాడన్న మాట గుర్తొచ్చింది. ఏడాది సాగక్కర్లేదు, నెల సాగినా బిందుమాధవి ఓడిపోయినట్టే. రఘు గ్రైండరు ఆన్ చేశాడు. ఆ రొదలో ఎవరి మాటా వినబడదు, మనసు మాట కూడా.

మంగళవారం సాయంత్రం ఉయ్యాల చట్రాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేసరికి వీధి మొదట్లోనే బెల్లం పాకం వాసన తగిలింది. ఆ వాసన పట్టుకుని నడుస్తూ పోతే తన ఇంట్లోనే తేలాడు. వంటింట్లో తల్లితోపాటు వీధిలోని తెలుగు ఆడవాళ్లు ముగ్గురు నలుగురున్నారు. ఒకావిడ తడి బియ్యప్పిండి జల్లిస్తోంది. ఒకావిడ అరిసెలు తట్టి నూనెలో వేస్తోంది. రఘు కనబడగానే అందరూ ఒక్కసారే ఊరుకున్నారు. తర్వాత ఒక్కసారే నవ్వారు.

"ఏటమ్మా, ఏం పండగ?"

"పండగ దానంతటది వస్తాదేట్రా? మనం సేస్తే వస్తాది." అన్నమ్మ అరిసెల చెక్కలతో ఓ అరిసె నూనె వత్తి అతని చేతిలో పెట్టింది. "తిను. సరిగ్గా ఏగిందా సెప్పు."

"సూపర్."

"రేపు సాయంత్రం ఏగిరం రా. పనుంది."

రఘు ఇంకోటి అడిగి తీసుకుని వరండాలోకి పోయాడు. షెడ్డునుంచి అరువు తెచ్చిన చిన్న మిషనుతో చట్రాన్ని కొక్కేలకి ఆనించి టాకాలు వేశాడు. నిండు వెల్డింగు మొదలుపెడదామనుకునేసరికి వీధి మొత్తం కరెంటు పోయింది. జూన్ నెల రాయపూర్‌లో కరెంటు పోవడానికి కారణం అక్కర్లేదు. సరే, రేపు చూసుకుందామని పక్కన పెట్టేశాడు.

బుధవారం అతను వచ్చేసరికి అన్నమ్మ రెండు చేతిసంచులు సిద్ధం చేసి కూర్చుంది. వంటింటి గట్టుమీద ఇంట్లోకెల్లా పెద్ద ఇత్తడి గుండిగ చింతపండుతో తోమినందుకు తళతళలాడుతోంది. దానికి మూతపెట్టి గుడ్డ కట్టి ఉంది.

"నా మోకాళ్లు పట్టేశాయి నాన్నా. ఈ పొట్లాలు వీధిలో ఇంటింటికీ ఇచ్చిరా. ఒక్కిల్లూ వదలకు. సాహూ వాళ్లకి అరిసెలు రెండెక్కువెయ్యి, వాళ్లింట్లో పిల్లలు జాస్తి."

"దేనికని చెప్పాలి?"

"ఏటీ సెప్పక్కర్లేదు. వాళ్లకి తెలుసు."

రఘు అడగలేదు. ఆడవాళ్ల నోములూ, పేరంటాలూ, ఏ నెలలో ఏది వస్తుందో ఆ లెక్క మగవాళ్లకి ఎక్కడ తెలుస్తుంది? పొట్లంలో రెండు అరిసెలు, ఓ లడ్డు, ముద్ద చలిమిడి, పసుపూ కుంకుమా, అరటిపండు. ఆ చలిమిడి ముద్ద చూసైనా అనుమానం రావలసింది. వస్తే ఈ కథే లేదు.

మొదటి గడప సాహూ వాళ్లది. ఆ ఇంటావిడ పొట్లం కళ్లకద్దుకుని, "బధాయీ హో భయ్యా," అంది. తల్లి నోము బాగా జరిగినందుకు అభినందిస్తోందనుకుని రఘు కూడా చేతులు జోడించాడు.

తర్వాత రైల్వేలో రిటైరైన వెంకటస్వామి. అరుగు మీద మంచంలో పడుకుని గాలి విసురుకుంటున్నాడు.

"ఏ బండికిరా?"

"ఏ బండేటి మావయ్యా?"

"అదే, పగటి బండేనా? మంచిది. కిటికీ పక్క సీటు చూడు, పిల్లలకి బావుంటాది." వెంకటస్వామి అరిసె కొరికి కళ్లు మూసుకున్నాడు. ముసలాయనకి మతి తప్పుతోందని జాలిపడి రఘు ముందుకు నడిచాడు.

ఆ తర్వాతి ఇంట్లో ఒకావిడ పొట్లం అందుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఇంకో ఇంట్లో ఒకాయన లేచి వచ్చి భుజం తట్టాడు. ఏమిటో, ఇవాళ అందరూ తనమీద ఇంత ప్రేమగా ఉన్నారేమిటని రఘు ఉబ్బిపోయాడు. చివరి ఇల్లు చిన్నారావుది. చిన్నారావు తల్లికి చూపు ఆనదు, నోరు మాత్రం బాగా ఆనుతుంది. పొట్లం తడిమింది. చలిమిడి వేలికి తగలగానే ఆగిపోయింది.

"సారె పంచుతున్నావా బాబూ? నువ్వే తిరుగుతున్నావా?"

"సారేటి పిన్నీ?"

"బిందు సారె. పిల్లల్ని తీసుకుని ఎల్తోంది కదా. ఓరి నాయనా, పెళ్లాంగా ఉన్నప్పుడు సారె పంచినోళ్లని సూశాను. ఇడిపోయాక సారె పంచే మొగోణ్ణి నా జన్మలో సూడనేదు. బంగారంలాంటి మనసురా నీది. నీ కడుపు సల్లగుండ!"

రఘు సంచి వైపు చూశాడు. ఖాళీ. వీధి వైపు చూశాడు. గుమ్మాల్లో పిల్లలు లడ్డూలు తింటున్నారు. వెంకటస్వామి చేతులు నాక్కుంటున్నాడు. ఇంటింటికీ తిరిగి, నవ్వుతూ, చేతులు జోడించి, నా పెళ్లాం పిల్లలు వెళ్లిపోతున్నారోచ్ అని తన చేతులతోనే చాటింపు వేసి వచ్చాడు. సారె పంచాక ప్రయాణం ఆగకూడదు. ఆగితే అరిష్టం. ఆ సంగతి మాత్రం మగవాళ్లకీ తెలుసు.

"అమ్మా!" అని ఇంట్లోకి దూసుకొచ్చాడు. "ఏటిది? నా చేత సారె పంచించావా?"

"అన్నిళ్లూ అయ్యాయా? సాహూ వాళ్లకి రెండెక్కువ వేశావా?"

"అమ్మా!"

"అరవకు. వినబడతాది." అన్నమ్మ పీట లాక్కుని కూర్చుంది. "కూకో."

అతను కూర్చోలేదు. "సారె పుట్టింటివాళ్లు పెడతారు, పిల్ల ఎళ్లినచోట పంచుతారు. నువ్వు అత్తవి. అందులోనూ మాజీవి. బయల్దేరినచోట పంచడం ఎక్కడైనా ఉందా?"

"ఓహో, పద్ధతులన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయా? సగం ఇక్కడ పంచాను. సగం ఆ గుండిగలో ఉంది, అక్కడ పంచుతారు. కొత్త పద్ధతి. నేనే పెట్టాను." అన్నమ్మ గొంతు హఠాత్తుగా మారింది. "ఒరే, నన్ను మీ నాన్న బొబ్బిలి నుంచి ఇక్కడికి తెచ్చినప్పుడు నాకు పదహారు. ఇందీ ఒక్క ముక్క రాదు. నీళ్లడగడం కూడా రాదు. ఎల్తావా అని నన్నెవుడైనా అడిగాడా? సారె కట్టారు, రైలెక్కించారు. బిందుని నువ్వు తెచ్చావు. దాన్నెవుడైనా అడిగాడా? అప్పుడు ఏ జడ్జీ పిలవనేదు, ఏ వకీలూ నోరెత్తనేదు. ఆడది మొగుడెనకాల ఊరు మారితే శుభకార్యం. తన కాళ్లమీద తను మారతానంటే మాత్రం వాయిదాలేట్రా?"

రఘు దగ్గర ఉన్నదల్లా ఒకటే మాట, ఇన్నాళ్లూ వకీలుకీ చెప్పలేదు, బిందుకీ చెప్పలేదు.

"నా ఆదివారాలు పోతాయమ్మా," అన్నాడు. "ఆదివారం లేకపోతే నేనేం చెయ్యాలి? చెప్పుల స్టాండులు చేసుకుంటూ కూకోవాలా?"

అన్నమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి, పొడుగాటి కొడుకు తల కిందకి వంచి, బెల్లం అంటిన చేత్తోనే నిమిరింది.

"నాకూ పోతార్రా పిల్లలు. నాది మాత్రం రాతిగుండా? మణిగాడు పక్కలో లేకపోతే నాకు మద్దేన్నం కునుకు పట్టదు. కానీ సంతోషంగా పంపితే దారి తెరిచుంటాది నాన్నా. ఏడిపించి ఆపితే, రేపు ఆ పిల్లలే పెద్దోళ్లయ్యి మనకి తలుపేస్తారు."

రఘు మొహం తుడుచుకుని, "మరి నా చేత ఎందుకు పంచించావు? నువ్వే పంచొచ్చు కదా," అన్నాడు.

"నేను పంచితే అత్త పంపినట్టు. నువ్వు పంచితే బస్తీ అంతా సాచ్చెం. రేపు కోర్టులో కాదను చూద్దాం! చిన్నారావు తల్లి కర్రట్టుకుని వస్తాది."

ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. తల్లి తనని పీటలమీది పెళ్లికొడుకుని చేసినట్టు చేసి ఊరంతా తిప్పింది. పళ్లెంలో మిగిలిన అరిసె తీసి సగం కొరికి, మిగతా సగం ఆవిడ నోట్లో పెట్టాడు. తర్వాత సుత్తి తీసుకుని వరండాలోకి నడిచాడు. స్టూలెక్కి మొదటి టాకా మీద రెండు దెబ్బలు వేశాడు. ఊడొచ్చింది. నిన్న కరెంటు పోవడం ఎంత మంచిదయింది! చట్రాన్ని కిందికి దించి, ఎక్కడెక్కడ విడగొడితే రైలు సీటు కింద పడుతుందో టేపుతో కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. గురునాథం బాబాయి చెప్పినట్టు నట్టూ బోల్టూ.

గురువారం కోర్టులో ప్రేమ్‌చంద్ నల్లకోటు సర్దుకుని గొంతు సవరించుకునేలోపే రఘు లేచి నిలబడ్డాడు. జడ్జీగారు నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది. మీకేమైనా అభ్యంతరమా అని హిందీలో అడిగింది.

"లేదు మేడమ్. మిఠాయీ భీ బాఁట్ దీ."

"క్యా బాఁట్ దీ?"

"మిఠాయీ, మేడమ్. పూరే మొహల్లే మే." వీధి మొత్తానికి మిఠాయి పంచేశానని, ఇప్పుడు కాదనడం మా వాళ్లలో కుదరదని వివరంగా చెప్పాడు. ప్రేమ్‌చంద్ నెత్తి పట్టుకున్నాడు. జడ్జీగారు కళ్లజోడు తీసి రఘుని బాగా చూసింది. ఈ కోర్టులో ఇలాంటి కారణం ఇంతవరకూ వినలేదంది. తర్వాత అనుమతి ఇస్తూ, బడి సెలవులు తండ్రి దగ్గర గడపాలని, తండ్రి ఎప్పుడు వెళ్లినా పిల్లల్ని చూడనివ్వాలని చెప్తుంటే, బిందుమాధవి మధ్యలోనే, "ఎప్పుడొచ్చినా సరే మేడమ్," అనేసింది.

బయట టీ బండి దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. విడిపోయాక ఇద్దరూ కలిసి టీ తాగడం అదే మొదటిసారి.

"ఏమైంది మీకు?" అంది ఆవిడ. ఆవిడ కళ్లలో ఇంకా నమ్మకం కుదరలేదు. "నిజం చెప్పండి."

"నీ సారె పంచేశాను."

"నా సారేంటి?"

"మా అమ్మ వండింది. నాకు తెలీకుండా నాచేతే పంచించింది. చిన్నారావు తల్లి నన్ను బంగారమంది."

జరిగిందంతా చెప్పేసరికి బిందుమాధవి టీ గ్లాసు బండి మీద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలా వంగిపోయి నవ్వింది. 'ఏ బండికిరా' దగ్గరకి వచ్చేసరికి టీ బండివాడు కూడా ఏమైందా అని చూశాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగి, పక్కకి తిరిగి కళ్లు ఒత్తుకుంది.

"విడాకులయ్యాక మా వాళ్లు ఒక్క అరిసె కూడా పంపలేదండీ," అంది. "నేనింక ఎవరికీ ఏమీ కానేమో అనుకున్నాను."

రఘు గ్లాసు అడుగున మిగిలింది తాగేశాడు. "సాహూ వాళ్లకి రెండెక్కువే వేశాను," అన్నాడు. ఆవిడ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు చూసి రఘుకి ఎందుకో గుండె తేలికైంది. ఇన్నాళ్లూ తను ఏదో గెలవాలని పట్టుకు కూర్చున్నాడు. గెలిస్తే ఈ నవ్వు పోయేది.

బండి మళ్లీ ఆదివారమే పడింది. అది కూడా అతని ఆదివారమే, రైలు కదిలేవరకూ. సగం బస్తీ స్టేషనుకి వచ్చింది. వెంకటస్వామి కిటికీ సీటు తనే ఎంచి చూపించాడు. గురునాథం గోనెపట్టాలో చుట్టిన ఉయ్యాల ముక్కల్ని సీట్ల కిందికి తోస్తూ, "చూశావా, నట్టూ బోల్టూ," అని పదిసార్లన్నా అన్నాడు. బోల్టుల సంచి మణిదీప్ ఎవరికీ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. లహరి తండ్రి చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి తన జడలో దోపుకుంది. రఘు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

అన్నమ్మ కొత్త చీర కట్టుకుని, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. రైలు లోపల.

"అమ్మా, దిగు. సిగ్నలిచ్చేస్తాడు."

"నేనెందుకు దిగుతాను? సారె ఒక్కత్తే ఎల్తాదేటి? పెద్దదాన్ని, తోడెల్లాలి. పిల్లలకి బడీ, దీనికి పొయ్యీ కుదిరాక వస్తాను."

"మరి నాకు వంట?"

"కుక్కరు అటకమీదుంది. మూడు కూతలకి దించు. పప్పులో ఉప్పు మర్చిపోకు."

ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లంతా గొల్లుమన్నారు. రఘు కూడా నవ్వాడు. ఇంతకన్నా ఏం చెయ్యగలడు?

బిందుమాధవి తలుపు దగ్గరికి వచ్చింది. ఆవిడ కాళ్ల పక్కనే గుడ్డ కట్టిన ఇత్తడి గుండిగ. వెళ్లినచోట పంచాల్సిన సగం సారె అందులో ఉంది.

"సారె పంచాక ఆ గుండిగ మా అమ్మతో పంపించెయ్యి," అన్నాడు రఘు. "ఇంట్లో పెద్దది అదొక్కటే."

"ఖాళీ గుండిగ ఇవ్వకూడదు కదండీ."

"అయితే గుప్పెడు పంచదార వేసి పంపు."

"పంపను." ఆవిడ నవ్వింది. "మీరే వచ్చి పట్టుకెళ్లండి. అప్పటికి నింపి ఉంచుతాను."

రైలు కదిలింది. మణిదీప్ కిటికీ ఊచల్లోంచి బోల్టుల సంచి గలగలా ఆడిస్తూ, "నాన్నా, ఝూలా నువ్వే బిగించాలి! ఇంకెవర్నీ ముట్టనివ్వను, పక్కా!" అని అరుస్తున్నాడు. లహరి చెయ్యి ఊపుతూనే ఉంది. రఘు ప్లాట్‌ఫారం చివరిదాకా రైలు పక్కనే పరిగెత్తాడు. చివర్లో ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు. కొంచెం వచ్చింది కూడా. కానీ అందులో బెల్లం వాసన కలిసిపోయింది.

బస్తీవాళ్లు ఇళ్లకి బయల్దేరారు. రఘు మాత్రం ఇటు తిరిగి రిజర్వేషను కౌంటరు దగ్గర క్యూలో నిలబడ్డాడు. గురునాథం వెనక్కి చూసి, "షెడ్డులో సోమవారం ఛుట్టీ సంగతి నేను చూసుకుంటాలేరా!" అని కేకేశాడు.

కిటికీలో క్లర్కు తల ఎత్తకుండానే ఎక్కడికని అడిగాడు.

"విజయనగరం. వచ్చే శనివారం."

"కితనే లోగ్?" ఎంతమంది?

"వెళ్లేటప్పుడు ఒక్కణ్ణే," అన్నాడు రఘు, తెలుగులోనే. "వచ్చేటప్పుడు నిండు గుండిగ."

క్లర్కు తల ఎత్తి, "క్యా?" అన్నాడు.

"కుఛ్ నహీఁ సాబ్," అని రఘు నవ్వాడు. "ఏక్ టికట్."